రామదండు, శాంతిసేన: గుంటూరు మండలపు రెండు సేవాదళములు

వాల్మీకి మహర్షి యుద్ధకాండమున సేతుబంధమును వర్ణించుచు ఒక లెక్క వ్రాసియున్నాడు. నలుని యాజమాన్యమున వానరులు మొదటి దినమున 14 యోజనములు, రెండవనాడు 20, మూడవనాడు 21, నాల్గవనాడు 22, అయిదవనాడు 23 యోజనముల మేర కట్ట వేసిరి. మొత్తము నూఱు యోజనములు సరిపోయినవి. పురాణము వినువారు హనుమంతుని సముద్రలంఘనము వద్ద మైమఱతురు గాని యీ లెక్క వద్ద నిలువరు. నిలిచి చూచినచో దినదినమునకు పని హెచ్చినదే గాని తగ్గలేదని తెలియును. ఇసుకలో దొర్లి వచ్చి రేణువులు రాల్చిన యుడుత కథ వాల్మీకమున లేదు. అది మన రంగనాథ రామాయణమున గలదు. తెలుగువానికి ఆ యుడుతయే మిక్కిలి ప్రియము. ఉడుత భక్తిని కొనియాడుట సులభము. అయిదు దినముల లెక్క సరిపెట్టుటయే కష్టము.

1921 ప్రాంతమున గుంటూరు మండలములోని చీరాలలో ఒక పండితుడు తన సేవాదళమునకు ఆ వానరసేన పేరే పెట్టెను. ఆ దళమే రామదండు. తఱువాత కొలది నెలలకే, చీరాలకు ఎంతో దూరము లేని పెదనందిపాడు ఫిర్కాలో శాంతిసేన యను మఱియొక దళము వెలసినది. రెండును జీతము లేని సేవకుల సంఘములే. రెండింటికిని ఎదురుపడినది పన్నే. రెండును ఒకే శీతకాలమున విరమించినవి. అయినను రెండింటి నడకయు ఒకటి గాదు.

రామదండును నిర్మించినవారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. వీరు 1889 జూను 2 వ తేదీన కృష్ణా మండలములోని పెనుగంచిప్రోలులో జన్మించిరి. సముద్రములు దాటి స్కాట్లండు దేశమున ఎడింబరో విశ్వవిద్యాలయములో చదివి ఎం. ఏ. పట్టము పొందిరి. నందికేశ్వరుని 'అభినయ దర్పణము'ను ఆనంద కుమారస్వామిగారితో గూడి వీరు ఆంగ్లమున అనువదింపగా, 1917 లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమువారు దానిని ముద్రించిరి. స్వదేశమునకు వచ్చిన పిమ్మట రాజమహేంద్రవరమునను, మచిలీపట్టణము జాతీయ కళాశాలయందును ఉపాధ్యాయులుగా నుండిరి. నాట్యశాస్త్రములోని హస్తముద్రలను పరదేశీయులకు విప్పి చెప్పిన పండితుడు చీరాల వీధులలో ఇంటిపన్ను వివాదమున తల దూర్చునని ఎవ్వరును ఊహించియుండరు. కాని వారి స్వభావమే యట్టిది. సభలో పాటయు పద్యమును ఎత్తుకొని, నడుమ ఛలోక్తి విసరి, పండితులను పామరులను ఒక్క చాపపై కూర్చుండబెట్టగల మాటకారి. ప్రజలు వారిని ఆంధ్రరత్నమనిరి.

చీరాల అప్పటికే నేత వస్త్రములకు ప్రసిద్ధి కెక్కిన ఊరు. సాలె కుటుంబములు విస్తారముగా నుండెడివి. చీరాల, పేరాల మొదలగు గ్రామములు కలిసి ఒక యూనియనుగా నుండి స్వల్పమైన పన్నుతో కాలము గడపుచుండెను. ఏటికి వసూలగు పన్ను సుమారు 4,000 రూపాయలు. 1919 లో ప్రభుత్వము వానిని కలిపి మునిసిపాలిటీగా మార్చినది. దానితో పన్ను భారము దాదాపు పది రెట్లకు పెరిగినది. నీళ్ల కొళాయిలు, దీపములు, మురుగు కాలువలు పట్టణమునకు అవసరమే యని ప్రభుత్వపక్షము వాదము. నూలు ధర హెచ్చి గుడ్డ ధర తగ్గిన నాడు సాలెవాని యింట పూట గడచుటయే గగనమని ప్రజల మొర. వారు విన్నపములు పంపిరి. మునిసిపాలిటీని ఎత్తివేయుమని కోరిరి. విన్నపములు ఫలింపకపోగా పన్ను చెల్లింపమని నిలిచిరి. పన్ను చెల్లింపనందులకు పన్నెండుగురు కారాగృహము పాలైరి. వారిలో ఒక స్త్రీయు నుండెను.

రామదండు ఈ వేడిలో పెరిగినదే గాని కేవలము ఈ పోరు కొఱకే పుట్టినది కాదు. దాని మొదటి పని సేవ. దండులో చేరినవారు కాషాయ వస్త్రములు ధరించి, మెడలో రుద్రాక్షలు వేసికొని, నొసట బొట్టు పెట్టుకొని తిరుగుచుండిరి. సుమారు వేయిమంది యుండిరని ఆ కాలపు చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. వీరిలో పెక్కుమంది పెద్ద చదువులు లేనివారు. వార్త చాటుటకు వారి కున్నది పాటయు భజనయునే. పత్రిక చదువలేని వానికి, సభకు రాలేని యిల్లాలికి వీధిలో వినబడు రామనామమే ప్రకటన పత్రము. ఊరి కార్యమును ఊరి భాషలోనే చాటవలెనను గుట్టు గోపాలకృష్ణయ్యగారికి తెలిసినంతగా ఆ కాలపు ఆంగ్ల విద్యావంతులలో కొలదిమందికే తెలిసియుండెను.

దండు పనితనమును తెలుగుదేశ మంతయు చూచినది బెజవాడలో. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘము అచ్చట సమావేశమైనది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసునకు కోటిమంది సభ్యులు, దేశమున ఇరువది లక్షల రాట్నములు కూడవలెనని నిశ్చయించిన సభ యిదియే. పింగళి వెంకయ్యగారు తమ పతాకమును గాంధీమహాత్మునికి చూపినదియు ఇచ్చటనే. మహాత్ముని చూడ పల్లెలనుండి జనము ఇసుక వేసిన రాలనట్లు వచ్చి పడినది. ఆ జనసముద్రమును అదుపులో నుంచు భారము రామదండు భుజములపై పడినది. కఱ్ఱ యెత్తక, కసరక, దారి విడిపించుట, తప్పిపోయినవారిని చేర్చుట, దాహమైనవానికి నీళ్లందించుట: సభలలో ఎవ్వరి కంటను పడని పనులు ఇవి. చరిత్ర గ్రంథములలో తీర్మానములు నిలిచిపోవును. నీళ్ల కడవ మోసినవాని పేరు నిలువదు.

ఆ సభ ముగిసిన కొలది దినములకే, ఏప్రిలు 6 వ తేదీన గాంధీగారు చీరాలకు విచ్చేసిరి. ప్రజలు తమ కష్టము చెప్పుకొనిరి. ఆయన రెండు దారులు చూపిరి. ఒకటి, పన్ను నిరాకరించి వచ్చిన కష్టమును శాంతితో సహించుట. రెండవది, మునిసిపాలిటీ యెల్లలు దాటి ఊరు విడిచి పోవుట. ఏది చేసినను తమ పూచీపై చేయవలెనే గాని కాంగ్రెసు ధనమును ఆశింపరాదని కూడ హెచ్చరించిరి. ఈ హెచ్చరికను అప్పుడు ఎందఱు చెవిని బెట్టిరో గాని, తఱువాతి కథ యంతయు ఈ యొక్క మాటలోనే యిమిడియున్నది.

ఊరివారు రెండవ దారి పట్టిరి. ఏప్రిలు నెల చివర, ఎండలు మండుచున్న దినములలో, చీరాల పేరాల ప్రజలు ఇండ్లకు తాళములు వేసి కదలిరి. 15,000 పైచిలుకు జనములో 13,000 మందికి మించి వెడలిపోయిరి. మునిసిపాలిటీ హద్దు కవతల ఇసుక నేలపై పాకలు వేసికొని ఆ క్రొత్త ఊరికి రామనగరమని పేరు పెట్టుకొనిరి. దీనిలోని యుపాయమును గమనింపుడు. మునిసిపాలిటీ పన్ను ఇంటిని బట్టి, అందుండు మనుష్యుని బట్టి వచ్చునది. మనుష్యుడు హద్దు దాటినచో మునిసిపాలిటీకి మిగులునది తాళము మాత్రమే. పౌరులు లేని పురమును పాలించుట ఎట్లు? పోట్లాట లేదు, దెబ్బ లేదు. పన్నుల పట్టీలో పేర్లున్నవి, పేరు గలవాడు ఊరిలో లేడు.

ఇంతవఱకు ఈ కథ అందఱు ఎఱిగినదే, సభలలో చెప్పుకొనునదే. అయితే పదమూడు వేల జనము పాకలలో కాపురముండుట యన నేమో ఒక్కసారి లెక్క వేయవలెను. మనిషికి పూటకు ఒక కడవ నీళ్లన్నను దినమునకు ఇరువదియాఱు వేల కడవలు కావలెను. సాలెవాని మగ్గము గుంటమగ్గము. నేలలో గుంట త్రవ్వి, అందు కాళ్లుంచి నేయవలెను. దానిని బండిపై వేసికొని పోవుటకు వీలులేదు. పోయినచోట మరల గుంట త్రవ్వి, పడుగు సాగదీయుటకు జాగా చూచుకొని, మొదటినుండి అమర్చుకొనవలెను. ఇసుక నేలలో గుంట నిలుచునా? వాన కురిసినచో తాటాకు పాకలోని నూలు తడియకుండునా? పని సాగక పోయినచో ఆ నాటి కూలి లేదు. ఉద్యోగము గలవానికి దేశసేవ సెలవు దినములలో జరుగును. మగ్గముపై బ్రతుకువానికి ప్రతి దినమును పోయిన కూలియే.

రామదండు సేవకు నిజమైన పరీక్ష అచ్చట ఆరంభమైనది. బెజవాడలో రెండు దినముల పని. రామనగరములో తుది తెలియని పని. రాత్రులు నిప్పు పడకుండ కావలి యుండవలెను. రోగులను చూడవలెను. తగవులు వచ్చిన ఇంగ్లీషువాని కోర్టుకు పోక తమలో తామే తీర్చుకొనవలెను; అందులకు రామనగరమున పంచాయతి న్యాయస్థానము నేర్పఱచుకొనిరి. ఒక్కొక్క జాతినుండి ఒక్కొక్క పెద్ద కూర్చుండి ఊరిని నడపునట్లు సభను కూర్చుకొనిరి. ఊరు విడిచినవారు ఊరిపాలన విడువలేదు. మునిసిపాలిటీ వలదన్నవారే తమ చేతులతో ఒక పురపాలనమును నిర్మించుకొనిరనిన వింతగా నుండవచ్చును గాని, వారు వలదన్నది పాలనమును గాదు, తమ్మడుగక తమపై వ్రాసిన పన్నును.

దినములు గడచిన కొలది ఖర్చు పెరిగినది, చేతిలోని ధనము తఱిగినది. విరాళముల కొఱకై గోపాలకృష్ణయ్యగారు ఊరూర తిరుగవలసివచ్చెను. ఆ యత్నముననే బరంపురమునకు పోయిరి. అచ్చట ఉపన్యసింపరాదని ప్రభుత్వ మాజ్ఞాపించెను. వారు దానిని ధిక్కరించిరి. ఒక సంవత్సరము శిక్ష పడి తిరుచినాపల్లి చెఱసాలకు పంపబడిరి. ఇచ్చట రామనగరము తల లేని మొండె మైనది. అయినను ప్రజలు వెంటనే చెదరిపోలేదు. వర్షకాలము గడపిరి, చలికాలము గడపిరి. సుమారు పదునొకండు నెలలు గడచిన పిదప, 1922 తొలినాళ్లలో, ఒక్కొక్క కుటుంబమే తాళము తీసికొని పాత యింటికి తిరిగివచ్చినది. మునిసిపాలిటీ నిలిచినది. పన్నును నిలిచినది.

దీనిని ఓటమి యనువారు గలరు. జమాఖర్చు చూచినచో కాదనుటకు వీలులేదు: కోరినది దొరకలేదు. గెలుపని మఱికొందఱు పొగడుదురు. దేశమునకు ధైర్యము నేర్పినదందురు. ధైర్యము నేర్పుటయు నిజమే. కాని పొగడునప్పుడు సాలె కుటుంబముల పదునొకండు నెలల కూలిని ఖర్చు వైపున వ్రాయక విడిచిపెట్టుట న్యాయము గాదు. లోప మెచ్చటనని విచారించినచో దండు భక్తిలో గాని, ప్రజల ఓర్పులో గాని కనుపింపదు. పాట వారే, మాట వారే, విరాళము తెచ్చువారు కూడ వారే యగుటచే గోపాలకృష్ణయ్యగారు చెఱ కేగిన దినముననే ధనాగారము మూతపడినది. రాముడు నలుని చేతికి పని నప్పగించి తాను కూర్చుండెను. చీరాలలో రాముడే నలుడు, నలుడే హనుమంతుడు.

ఆ శీతకాలముననే పెదనందిపాడు ఫిర్కాలో నడచిన కథ వేఱు విధము. అప్పుడది బాపట్ల తాలూకాలోనిది. అచ్చటి వారు నల్లరేగడి భూములపై వ్యవసాయము చేయు రైతులు. వారి నాయకుడు పర్వతనేని వీరయ్య చౌదరిగారు. వారు నిరాకరించినది మునిసిపాలిటీ పన్ను గాక సర్కారు భూమిశిస్తు. భూమిని మూట గట్టుకొని హద్దు దాటుటకు వీలులేదు. కనుక చీరాల యుపాయ మిచ్చట చెల్లదు. రైతు కూర్చున్నచోటనే కూర్చుండి ఇయ్యనని చెప్పవలెను. జప్తు వచ్చినచో చూచుచుండవలెను.

అయితే ఈ ఫిర్కాలో శిస్తు నిరాకరణమునకు ముందు మఱియొక కార్యము జరిగినది. గ్రామాధికారులు రాజీనామా లిచ్చిరి. దీని బరువు ఈ కాలపు యువకులకు తెలియవలెనన్న అప్పటి ఏర్పాటు కొంత చెప్పవలెను. రైతువారీ విధానమున సర్కారు ప్రతి పట్టాదారుతోను నేరుగా లెక్క పెట్టుకొనును. ఆ లెక్క తాలూకా కచ్చేరిలో పుట్టదు. కరణము దస్త్రమునందు పుట్టును. ఏ నంబరు చేను ఎవనిది, అందు ఏ పంట వేసెను, ఎంత తరము, ఎంత బాకీ యనునది అడంగలులో, చిట్టాలో నుండును. మునసబు ఆ లెక్కను బట్టి కిస్తీ వసూలు చేయును. తలారి, వెట్టివాడు ఇల్లిల్లు తిరిగి కబురు చెప్పుదురు. వీరందఱును చేతులు ముడుచుకొని కూర్చున్నచో కలెక్టరు ఎంతటివాడైనను చీకటిలో తడుముకొనువాడే. ఏ యెద్దు ఎవనిదో, ఏ గాదె ఎవనిదో చూపువాడు లేడు.

పైగా అవి వంశపారంపర్యముగా వచ్చుచున్న పదవులు. 1984 లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణము, మునసబు పదవులను రద్దుచేసిన దాక తెలుగు పల్లెలలో ఆ ఏర్పాటే కొనసాగినది. జీతము స్వల్పమే గాని, ఆ పని తాతనుండి తండ్రికి, తండ్రినుండి కొడుకునకు దక్కునను నమ్మకముపై కుటుంబమంతయు నిలిచియుండెడిది. రాజీనామా వ్రాసిన కరణము తన యుద్యోగము మాత్రమే గాదు, ఇంకను పుట్టని మనుమని యుద్యోగము కూడ విడిచెను. లోకము కరణమును గూర్చి చెప్పుకొను చాటువులలో మంచిమాట అరుదు. ఆ లోకమే పెదనందిపాటి రాజీనామాలను కూడ జ్ఞాపక ముంచుకొనుట ధర్మము.

గ్రామాధికారులు తొలగిన చోట ఊరి శాంతిని కాపాడు భారము శాంతిసేన వహించినది. ఊరూర యువకులు చేరిరి, వేలసంఖ్య కెక్కిరి. అధికారులు జప్తుకు వచ్చినప్పుడు కోపోద్రేకమున ఎవ్వరును చేయి చేసికొనకుండ చూచుట, వేలములో పాట పాడువాడు లేకుండ ఊరిని ఒక్కమాటపై నిలుపుట, ఒక పల్లె వార్త మఱియొక పల్లెకు చేరవేయుట వారి పనులు. జప్తు చేసిన యెద్దును కొనువాడు లేకపోయిన ఆ యెద్దునకు మేత వేయవలసిన బాధ్యత సర్కారుమీదనే పడును! రూథరుఫర్డు దొర కలెక్టరుగా వచ్చి ఈ యుద్యమము నణచుటకు పూనుకొనెను. సైనికులు పల్లెల వెంట కవాతు నడచిరి. భయపెట్టుట, బుజ్జగించుట రెండును జరిగినవి.

ఈ లోపల గాంధీగారికి మాత్రము సందేహమే. అస్పృశ్యతను విడనాడుట, ఖద్దరు ధరించుట, అహింసను మనసా పాటించుట అను నియమములు నెఱవేరక శిస్తు నిలుపరాదని వారు కొండ వెంకటప్పయ్యగారికి వ్రాసిరి. వెంకటప్పయ్యగారు ఇటు రైతుల యుత్సాహమునకును, అటు మహాత్ముని షరతులకును నడుమ నలిగిరి. ఫిబ్రవరి 4 న చౌరీచౌరాలో పోలీసులు దహింపబడిరి. బార్డోలీలో కాంగ్రెసు కార్యవర్గము శాసనోల్లంఘనమును నిలిపివేసినది. ఆ నెలలోనే పెదనందిపాటి రైతులును శిస్తు చెల్లించిరి. వారు నిలిచినది కొలది వారములు మాత్రమే. చీరాలవారు పదునొకండు నెలలు నిలిచిరి.

ఈ రెంటిని ప్రక్క ప్రక్కన నుంచి చూచినచో, పెదనందిపాటి దళమునకు చీరాలలో లేని బలమొకటి యుండెను: ఊరి లెక్క తెలిసినవారు, ఊరి మాట చెల్లినవారు అందు కలిసియుండిరి. నాయకు నొక్కని చెఱకు పంపినంత మాత్రమున పల్లె ఏర్పాటు కూలిపోవు తీరున నుండలేదు. చీరాలకు గల బలము వేఱు. దినకూలి లేక మాడుచు, ఎండలో వానలో కాలు కదలక నిలిచిన బీదల పట్టుదల అది. పట్టాదారునకు చేను మిగిలియుండును. సాలెవానికి మిగులునది మగ్గపు గుంట. ఓర్పులో తూచినచో చీరాల సాలెవారిదే పైచేయి యని చెప్పవలెను.

గోపాలకృష్ణయ్యగారు చెఱనుండి విడుదలై వచ్చి కొంతకాలము కాంగ్రెసు పనిలోను, సాహిత్య కళాగోష్ఠులలోను గడపిరి. ధనము నిలువలేదు, ఆరోగ్యము నిలువలేదు. 1928 జూను 10 వ తేదీన, నలువది యేండ్లు నిండకయే, దివంగతులైరి. చీరాల 1970 లో ఒంగోలు జిల్లా యేర్పడినప్పుడు అందు చేరి, ఆ జిల్లా ప్రకాశము జిల్లాగా పేరు మార్చుకొన్న పిదప దానిలో చిరకాల ముండి, 2022 నుండి బాపట్ల జిల్లాలో నున్నది. అది ఇప్పటికిని మునిసిపాలిటీయే.

సేవాదళములు కాషాయ వస్త్రములతోనే తిరుగవలెనను నియమము లేదు. ఈ గుంటూరు మండలముననే పెదపాలెములో పాతూరి నాగభూషణముగారు సేవాశ్రమ వాణీమందిర మను సంస్థను నడపిరి. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారి కృషిచే 1914 లో బెజవాడలో ఆరంభమైన గ్రంథాలయోద్యమమునకు ఇది ఒక కొమ్మ. కాలువ గట్టు పల్లెలలో ఒక్కొక్క యూరికి ఒక్కొక్క గ్రంథాలయము కట్టు శక్తి లేని దినములవి. 1935 అక్టోబరులో ఆ సంస్థవారు ఒక పడవలో పుస్తకములు పేర్చి, కృష్ణా బ్యాంకు కాలువపై పెదవడ్లపూడి మొదలుకొని కొల్లూరు వఱకు నడపిరి. పన్ను లేదు, జప్తు లేదు, చెఱసాల లేదు. కనుక సభలలో ఈ కథ చెప్పువారు తక్కువ. పడవ గట్టునకు చేరిన చోట చదువుకొన్నవాడు పాత పుస్తకము తిరిగి యిచ్చును, పట్టీలో అతని పేరునకెదురుగ జమ వ్రాయబడును, క్రొత్త పుస్తకము చంకన బెట్టుకొని అతడు చేనికి పోవును. పడవ మఱుసటి యూరికి సాగును.